పాట నేర్చేసిన పిట్ట మెదడుకు ఇంకా పని ఉంటుందా?

నమస్తే. మీ ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. హన్మకొండలో మీ డాబా మీది నీళ్ల ట్యాంకు ఎక్కి ఒక నలుపు తెలుపు పిట్ట ఏటా మార్చిలో పాట మొదలుపెడుతుందనీ, వానలు ముదిరాక మానేస్తుందనీ, మళ్లీ వచ్చే ఏడు అదే చోట అలాగే పాడుతుందనీ రాశారు. చిన్నప్పుడు నేర్చుకున్న పాట ఎదిగాక మెదడులో రికార్డింగులా పడి ఉంటుందా, లేక పాడిన ప్రతిసారీ మెదడు పని చేయాల్సిందేనా అన్నది మీ అసలు సందేహం. పెళ్లిళ్ల సీజన్లో డీజే మోత దానికి ఇబ్బందా, కోయిలకూ ఇదే పద్ధతా, ఫోన్లో పాట వినిపించవచ్చా అన్నవి మిగతావి.

ముందు సూటిగా జవాబు. ఎదిగిన పిట్ట పాట రికార్డింగు కాదు. పాడిన ప్రతిసారీ మెదడు దాన్ని మిల్లీసెకన్ల లెక్కన కట్టుకొస్తుంది, తన గొంతును తానే వింటుంది, తేడా వస్తే దిద్దుకుంటుంది. ఏటా ఒకేలా వినిపిస్తోందంటే, దాన్ని అలా నిలబెట్టే పని లోపల ఆగకుండా సాగుతోందని అర్థం.

నేను కొన్నేళ్లు జీబ్రా ఫించ్ పిట్టల మెదడు మీద పనిచేసే ప్రయోగశాలలో ఉన్నాను. ఇప్పుడు వరంగల్‌లో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ, ఎండాకాలం పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద పిట్టల పాటలు రికార్డు చేస్తుంటాను. మీరు చెప్పిన గుర్తులు, అంటే తోక పైకి లేపి నిలబడటం, రెక్క మీద తెల్ల పట్టీ, తెల్లవారకముందే పాట ఎత్తుకోవడం చూస్తే అది మాగ్‌పై రాబిన్, మన పెద్ద నల్లంచి. పాడేది మగది. చుట్టుపక్కల పిట్టల కూతల ముక్కలు కూడా తన పాటలో కలుపుకునే రకం. పిగిలిపిట్ట పలుకు మధ్యలో వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇక మెదడు సంగతి. పాటపక్షుల మెదడులో పాట కోసమే ఉన్న కణాల గుంపులు కొన్ని ఉన్నాయి. 1976లో ఫెర్నాండో నాటెబామ్, ఆయన సహచరులు కెనరీ పిట్టల్లో వీటిని బయటపెట్టారు. వాళ్లు చూసిన ఒక దృశ్యం నేను ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. హెచ్‌వీసీ అనే గుంపును రెండు వైపులా తీసేసిన మగ కెనరీ, ఆడపిట్ట ఎదుట పాడే భంగిమలో నిలబడింది, గొంతు కదిలించింది, కానీ పాట రాలేదు. పాడాలన్న కోరిక ఉంది, ఒళ్లు సిద్ధంగా ఉంది, పాటను కట్టే చోటు మాత్రం లేదు. భయపడినప్పుడు వేసే కేకల్లాంటివి, పుట్టుకతో వచ్చే కూతలు, వేరే దారిలో మెదడు అడుగు భాగం నుంచి వస్తాయి. ఈ గుంపులు దెబ్బతిన్నా ఆ కూతలు మిగులుతాయి. నేర్చుకున్న పాటకూ పుట్టుకతో వచ్చిన కూతకూ మెదడులో దారులే వేరు.

హెచ్‌వీసీ నుంచి రెండు దారులు బయలుదేరుతాయి. ఒకటి పాడించే దారి: హెచ్‌వీసీ నుంచి ఆర్‌ఏ అనే గుంపుకు, అక్కడి నుంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి గొంతు కండరాలకూ ఊపిరి కండరాలకూ. రెండోది దిద్దే దారి: హెచ్‌వీసీ నుంచి ఏరియా ఎక్స్‌కు, అక్కడి నుంచి మెదడు మధ్యలో ఉండే థాలమస్‌కు, అక్కడి నుంచి ఎల్‌మ్యాన్ అనే గుంపుకు, చివరికి తిరిగి అదే ఆర్‌ఏకు. చాలాకాలం ఈ రెండో దారి పిల్లపిట్టకే అవసరమని, పెద్దయ్యాక దానికి పెద్దగా పని ఉండదని అనుకున్నారు. ఎదిగిన పిట్టలో ఎల్‌మ్యాన్‌ను తీసేసినా పాట మామూలుగానే వినిపించడం దానికి కారణం. ఆ మామూలుతనం వెనక ఏముందో కిందికి వచ్చాక చెబుతాను.

ముందు పాడించే దారి. జీబ్రా ఫించ్ పాట చిన్నది. అర సెకను నుంచి సెకను దాకా ఉండే ఒక వరస, దాన్నే మళ్లీ మళ్లీ పాడుతుంది. 2002లో హాన్‌లోజర్, కొజెవ్నికోవ్, ఫీ అనే ముగ్గురు పాడుతున్న పిట్ట హెచ్‌వీసీలో ఒక్కొక్క కణాన్ని విని చూశారు. ఆర్‌ఏకు తీగలు పంపే కణం ఒక్కొక్కటీ ఆ వరస మొత్తంలో ఒకే ఒక్కసారి, దాదాపు 6 మిల్లీసెకన్లపాటు, చిటపటలాడి ఊరుకుంటుంది. మళ్లీ వరస మొదటికొచ్చి అదే చోటికి చేరేదాకా దానికి పని లేదు. వేరే కణం వేరే క్షణంలో. స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి తట్ట చేతి నుంచి చేతికి అందించినట్టు, ఒకరి తర్వాత ఒకరు తమ వంతు క్షణంలో పని చేసి పాటను ముందుకు నడిపిస్తారు. ప్రయోగశాలలో కణం చప్పుడును స్పీకర్‌కు కలిపి వినేవాళ్లం. పిట్ట ఎన్నిసార్లు పాడినా అదే అక్షరం (పాటలోని ఒక చిన్న ముక్క) దగ్గర అదే చిటపట. మొదటిసారి విన్న రోజు నాకు మాట రాలేదు, ఇప్పటికీ ఆ చప్పుడు తలుచుకుంటే అదే భావం.

హెచ్‌వీసీ నిజంగా కాలం లెక్క చూసేదా, లేక ఊరికే ఆ సమయానికి మోగుతోందా? దీన్ని తేల్చిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. 2008లో మైకేల్ లాంగ్, మైకేల్ ఫీ హెచ్‌వీసీని కొద్దిగా చల్లబరిచారు. చల్లబడితే కణాల పని నెమ్మదిస్తుంది. ఫలితంగా పాట మొత్తం, అక్షరాలు, మధ్య విరామాలు అన్నీ ఒకే పాళ్లలో సాగాయి, గరిష్ఠంగా 45 శాతం దాకా. స్వరం ఎత్తు మాత్రం దాదాపు అలాగే ఉంది. అదే ఆర్‌ఏను చల్లబరిస్తే పాట వేగం మారలేదు. అంటే కాలం నడిపేది హెచ్‌వీసీ, ఆ క్షణానికి ఏ కండరం ఎంత బిగించాలో తేల్చేది ఆర్‌ఏ. శ్రుతి చెడకుండా లయ మాత్రమే విలంబితానికి జారడం లాంటి ఫలితాన్ని ఏ రికార్డింగు వివరణా మోయలేదు.

గొంతు గురించి ఒక మాట, మీరు అడగకపోయినా. పిట్టకు మనలాంటి స్వరపేటికతో పాట రాదు. శ్వాసనాళం రెండు ఊపిరితిత్తులకు చీలే చోట సిరింక్స్ అనే అవయవం ఉంటుంది. దానికి రెండు భాగాలు, వేర్వేరుగా మోగగలవు. కుడి భాగాన్ని మెదడు కుడి వైపు, ఎడమ భాగాన్ని ఎడమ వైపు నడిపిస్తాయి. కెనరీలో ఎడమ నరం తెగితే పాటలో చాలా అక్షరాలు పోతాయి, కుడి నరం తెగితే నష్టం తక్కువ. మన మెదడు అర్ధభాగాలను కలిపే పెద్ద నరాల వంతెన పక్షులకు లేదు. అయినా రెండు వైపులా మిల్లీసెకన్ల తేడా రాకుండా కలిసి పాడతాయి, ఊపిరిని నడిపే కింది కేంద్రాల నుంచి థాలమస్ మీదుగా పైకి వచ్చే సంకేతాలు ఆ జోడీని నిలబెడతాయి. గబగబా సాగే కెనరీ పాటలో అక్షరానికీ అక్షరానికీ మధ్య చిటికెలో చిన్న ఊపిరి తీసుకుంటుంది. పిట్ట అంతసేపు ఆగకుండా ఎలా పాడుతుందని ఎవరికైనా అనుమానం వస్తే కెనరీ ఇచ్చే జవాబు ఇది.

ఇప్పుడు దిద్దే దారి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

ఎదిగిన పిట్టకు తన పాట తాను వినడం అవసరమా? 1965లో మసకాజు కోనిషి తెల్లకిరీటపు పిచ్చుకల మీద చేసిన పని నుంచి ఒక అభిప్రాయం వచ్చింది. పిల్లపిట్టకు వినికిడి పోతే పాట కుదరదు, కానీ పాట స్థిరపడ్డాక వినికిడి పోయిన పెద్దపిట్ట చాలాకాలం అలాగే పాడగలదు. దాంతో పెద్దపిట్టకు చెవి అక్కర్లేదనే మాట పుస్తకాల్లో పడింది. 1992లో నార్డీన్ దంపతులు జీబ్రా ఫించ్‌లతో దాన్ని సరిదిద్దారు. వినికిడి పోయిన పెద్ద జీబ్రా ఫించ్ పాట వారాలు గడిచేకొద్దీ చెదిరిపోయింది, అక్షరాలు మసకబారాయి, కొన్ని రాలిపోయాయి. బెంగాలీస్ ఫించ్‌లో ఇది ఇంకా త్వరగా, వారం రోజుల్లోపే కనిపిస్తుంది. జాతిని బట్టి గడువు మారుతుంది తప్ప సూత్రం అదే.

ఇక్కడే 2000లో మైకేల్ బ్రెయినార్డ్, ఆలిసన్ డూప్ చేసిన ప్రయోగం కథ మొత్తాన్ని తిప్పేసింది. వినికిడి పోయిన పిట్టలో ఎల్‌మ్యాన్‌ను కూడా తీసేస్తే పాట చెదరలేదు! కాస్త ఆగి ఆలోచించండి. చెవి లేకపోవడం వల్ల పాట దానంతటది అరిగిపోతుంటే, ఎల్‌మ్యాన్ తీసేసినా అరిగిపోవాలి. అలా జరగలేదు కాబట్టి, పాటను చెదరగొడుతున్నది దిద్దే దారే. వినబడని పాటను అది తప్పుగా ఎంచి, మళ్లీ మళ్లీ దిద్దబోయి మొత్తం పాడుచేస్తోంది. మామూలు పిట్టలోనూ ఈ దిద్దుబాటు రోజూ సాగుతోంది, చెవి చెప్పేది సరిగ్గా అందుతుంది కాబట్టి పాట నిలకడగా ఉంటోంది. ఎల్‌మ్యాన్ తీసేసిన పెద్దపిట్ట పాట మామూలుగా వినిపించడం వెనక ఉన్నది కూడా ఇదే. పాట చెడలేదు, దిద్దుకునే శక్తి పోయింది.

దిద్దడానికి ముందు కాస్త తేడాగా పాడి చూడాలి కదా. ఆ తేడాను పుట్టించేదీ ఎల్‌మ్యానే. మగ జీబ్రా ఫించ్ ఒంటరిగా పాడేటప్పుడు ఒక్కో అక్షరం స్వరం కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఆడపిట్ట ఎదుట పాడితే అదే పాట కొంచెం వేగంగా, బిగుతుగా, ఊగిసలాట లేకుండా వస్తుంది. ఒంటరి పాట సాధన, ఎదుటి పాట ప్రదర్శన. కాజీపేటలో జీబ్రా ఫించ్‌లు పెంచే ఒకాయన తన మగపిట్ట “మూడ్ బాగలేనప్పుడు తప్పులు పాడుతోంది” అని రికార్డింగులు తెచ్చారు. కంప్యూటర్లో తెరిచి చూస్తే ఒంటరిగా ఉన్నప్పటివీ, జంటను కలిపినప్పటివీ పక్కపక్కనే ఉన్నాయి. పాట ఒకటే, ఊగిసలాట వేరు. ఆ పిట్టకు జబ్బేమీ లేదు. (పంజరం మాట వచ్చింది కాబట్టి: జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా పిట్ట. మన మునియాలను, గోరింకలను, రామచిలుకలను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దయచేసి ఎవరూ ఆ వైపు వెళ్లొద్దు.)

పెద్దపిట్ట నిజంగా దిద్దుకుంటుందని చూపిన పనులు ఇంకా ఉన్నాయి. 2007లో ట్యూమర్, బ్రెయినార్డ్ ఒక పద్ధతి పెట్టారు: ఎదిగిన బెంగాలీస్ ఫించ్ ఫలానా అక్షరాన్ని ఒక గీత కంటే తక్కువ స్వరంలో పాడితే చిన్న హోరు వినిపిస్తుంది, పైస్వరంలో పాడితే వినిపించదు. పిట్ట ఆ ఒక్క అక్షరం స్వరాన్ని పైకి జరుపుకుంది, మిగతా పాటను ముట్టుకోలేదు. హోరు ఆపేశాక మెల్లగా పాత స్వరానికి తిరిగొచ్చింది. 2009లో సోబర్, బ్రెయినార్డ్ పిట్ట తలకు బుల్లి హెడ్‌ఫోన్లు పెట్టి, దాని పాట స్వరాన్నే కొద్దిగా పైకి జరిపి దాని చెవికి వినిపించారు. పిట్ట తన స్వరాన్ని కిందికి దించుకుంది. తన పాట ఎలా ఉండాలో లోపల ఒక కొలత ఉంటే తప్ప ఇలా జరగదు.

ఆ కొలతతో పోల్చిన ఫలితం ఎలా అందుతుంది? డోపమైన్ అనే మెదడు రసాయనం ద్వారా. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, పాడుతున్న పిట్టలో ఏరియా ఎక్స్‌కు వెళ్లే డోపమైన్ కణాలను గమనించారు. అక్షరం చెడినట్టు వినిపిస్తే ఆ కణాలు తగ్గాయి, చెడుతుందనుకున్న చోట బాగా వస్తే పెరిగాయి. మనకు ఆకలి, దాహం తీరినప్పుడు పనిచేసే వ్యవస్థే పిట్టకు “ఈసారి బాగా పాడావు” అని చెబుతోంది. ఎవరూ గింజలు వేయలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఇది చదివిన రోజు నుంచి పొద్దున పాడే పిట్టను నేను వేరేగా వింటున్నాను.

మరి వానాకాలంలో మానేసిన పాట ఏమవుతుంది? మీ మొదటి ప్రశ్న ఇదే. పగలు పొడవు పెరిగేకొద్దీ మగపిట్ట ఒంట్లో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. పాట కేంద్రాల్లోని కణాలకు ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలున్నాయి. 1981లో నాటెబామ్ కొలిచి చూస్తే మగ కెనరీ హెచ్‌వీసీ వసంతంలో, శరత్తులో కంటే దాదాపు రెట్టింపు పెద్దదిగా ఉంది. ఆర్‌ఏ కూడా పెరుగుతుంది. సీజన్ అయిపోయాక మళ్లీ కుంచించుకుపోతుంది. 1983లో గోల్డ్‌మన్, నాటెబామ్ ఎదిగిన కెనరీ హెచ్‌వీసీలో కొత్త న్యూరాన్లు పుడుతున్నాయని చూపించారు. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవని చాలామంది గట్టిగా నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం కదలడానికి ఒక పాటపిట్ట కూడా కారణమైందని చెప్పినప్పుడు నా విద్యార్థుల కళ్లు మెరుస్తాయి.

కెనరీ ఏటా పాటలో కొత్త అక్షరాలు చేర్చుకోగలదు, పాతవి వదిలేయగలదు. జీబ్రా ఫించ్ మూడు నెలల వయసులో స్థిరపడిన పాటనే జీవితమంతా పాడుతుంది. కాబట్టి “ఎదిగిన పిట్ట కొత్త పాట నేర్చుకుంటుందా” అని ఎవరైనా అడిగితే, ఏ పిట్ట అని ముందు అడగాలి. నా రికార్డింగుల్లో పెద్ద నల్లంచి ఫిబ్రవరిలో తక్కువ గొంతుతో, తెగుతూ, అక్షరాలు కుదరకుండా పాడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అవే ముక్కలు గట్టిగా, తేటగా నిలుస్తాయి. కెనరీలోనూ, తెల్లకిరీటపు పిచ్చుకలోనూ సీజన్ మొదట్లో కనిపించే తీరు ఇదే. మీ పిట్ట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం లేదు, అలాగని అటక మీంచి దింపి పాడేయడమూ లేదు. ఏటా కొంత సాధన చేసి పాటను మళ్లీ నిలబెట్టుకుంటోంది. ఒక జాగ్రత్త: పగటి నిడివి తేడా చల్లని దేశాల్లో చాలా ఎక్కువ, మన వరంగల్‌లో ఎండాకాలానికీ చలికాలానికీ రెండు గంటల పైచిలుకే. ఇక్కడి పిట్టలకు వానలు, పురుగుల లభ్యత కూడా లెక్కలోకి వస్తాయి. కెనరీ అంకెలను యథాతథంగా మన పిట్టకు అంటగట్టొద్దు.

డీజే మోత. చప్పుడు ఎక్కువైతే పాటపక్షులు గొంతు పెంచుతాయి. బెర్లిన్‌లో ట్రాఫిక్ ఎక్కువున్న చోట నైటింగేల్‌లు బిగ్గరగా పాడతాయని కొలిచి చూపారు. తన గొంతు తనకు వినబడటం లేదని గ్రహించి చేసే సర్దుబాటు ఇది. ఒక రాత్రి మోతకు మీ పిట్ట పాట చెదిరిపోదు. వినికిడి మార్పు పాటను చెదరగొట్టడానికి రోజులు, వారాలు పడుతుంది. పైగా పిట్టల లోపలి చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు దెబ్బతిన్నా మళ్లీ పుడతాయి. బెంగాలీస్ ఫించ్‌లలో అవి తిరిగి పెరిగాక చెదిరిన పాట కూడా కోలుకోవడం చూశారు. మనకు ఆ భాగ్యం లేదు కాబట్టి డీజే పెట్టెల పక్కన నిలబడే మీ పిల్లల చెవుల గురించి నాకు ఎక్కువ దిగులు. పిట్టకు ఇబ్బంది వేరే తీరులో వస్తుంది: తెల్లవారుజామున పక్క మగపిట్టకు తన పాట చేరకపోతే హద్దు కాపాడుకోవడం కష్టమవుతుంది.

కోయిల. దీని పద్ధతి పూర్తిగా వేరు. కోయిల పాటపక్షుల గుంపులోది కానే కాదు, కోకిలల కుటుంబానిది. కాకి గూట్లో పుట్టి, కాకి అరుపులు వింటూ పెరిగి కూడా మగ కోయిల కూ... కూ అనే కూస్తుంది. ఆ కూత పుట్టుకతో వచ్చింది, ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిన పని లేదు. ఇందాక చెప్పిన హెచ్‌వీసీ, ఎల్‌మ్యాన్ దారులు పాటపక్షులవి, కోయిలకు అవి లేవు. శాస్త్రం లెక్కలో కాకి పాటపక్షుల్లోదే. గోరింక, గిజిగాడు, తేనెపిట్ట, పిచ్చుక కూడా. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఈ గుంపులోది కాదు. రామచిలుక మాట నేర్చుకుంటుంది కానీ దాని మెదడులోని ఏర్పాటు విడిగా ఎదిగింది.

ఫోన్లో పాట. వినిపిస్తే బదులిస్తుంది, కానీ చేయకండి. తన హద్దులోకి వేరే మగపిట్ట చొరబడిందనుకుని గూడు, పిల్లలను వదిలి దాన్ని వెతకడానికి తిరుగుతుంది. మార్చి నుంచి జులై దాకా దాని గూడు కాలం, అప్పుడు అసలే వద్దు. బదులుగా మీరే రికార్డు చేయండి. ఫోన్ చాలు. పొద్దున ఐదింటికి కిటికీలోంచి, ఒకే చోట నుంచి, నెలకు రెండు మూడు రోజులు, ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూపు ఎంచుకుంటే పాట గీతలుగా కనిపిస్తుంది. ఫిబ్రవరి గీతలనూ ఏప్రిల్ గీతలనూ పక్కపక్కన పెట్టి, ఒకే అక్షరం రెండింట్లో ఎంత ఊగుతోందో చూడండి. ఫైలు పేరులో తేదీ, సమయం తప్పకుండా రాయండి, లేకపోతే రెండో ఏడు పోల్చడానికి పనికిరాదు. రికార్డింగులు ఇక్కడ పెడితే అక్షరాలు ఎలా విడదీయాలో చూపిస్తాను.